టాప్ టెన్‌లో వచ్చినోడు గోడ దగ్గరే ఆగిపోయాడు

ఈ కాలమ్‌కి వచ్చే మెసేజుల్లో ఒక ప్రశ్న వారం తప్పించి వారం కనిపిస్తూనే ఉంటుంది. 'యానిమే కొత్తగా చూద్దామనుకుంటున్నా, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?' అని. నా జవాబు ఎప్పుడూ ఒకటే. 'అటాక్ ఆన్ టైటన్' నుంచి మొదలుపెట్టండి. రాక్షసులు కావాలా? ఉన్నారు. కత్తులు పట్టుకుని గాల్లో ఎగిరే కుర్రాళ్లు కావాలా? ఉన్నారు. చుట్టూ గోడ కట్టుకున్న నగరం, దాన్ని కాపాడాల్సిన పదిహేనేళ్ల పిల్లలు... అన్నీ ఉన్నాయి. కాకపోతే ఒక్క మాట. హీరో ఎరెన్ కదా అని మొత్తం దృష్టి వాడి మీదే పెట్టేయకండి. వెనక వరుసలో మూతి ముడుచుకుని నిలబడే ఇంకొకడున్నాడు. ఈ వారం కబుర్లు వాడి గురించే.

ముందే చెప్పేస్తున్నా. మొదటి సీజన్ పదిహేడో ఎపిసోడ్ దాకా కథ ఇందులో వచ్చేస్తుంది. ఇంకా చూడనివాళ్లు పేజీ సేవ్ చేసుకుని, చూశాక రండి. చూసినవాళ్లు కూర్చోండి, మాట్లాడుకుందాం.

మూడు గోడలు, వందేళ్ల నిద్ర

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ. మనుషులందరూ మూడు గుండ్రటి గోడల మధ్య బతుకుతుంటారు. బయటిది మారియా, మధ్యది రోజ్, లోపలిది షీనా. ఒక్కోటి 50 మీటర్ల ఎత్తు. అంటే సుమారు పదిహేను అంతస్తుల అపార్ట్‌మెంట్ అంత. గోడల అవతల టైటన్లు తిరుగుతుంటాయి. చూడ్డానికి మనిషి ఆకారమే. మూడు మీటర్ల నుంచి పదిహేను మీటర్ల దాకా ఉంటాయి. మనుషుల్ని తింటాయి. ఆకలేసి కాదు, తినకపోయినా వాటికేం కాదు. ఊరికే తింటాయి. చెయ్యి నరికినా, తల పేల్చినా మళ్లీ మొలుస్తాయి. మెడ వెనక భాగంలో మీటరు పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పున్న చోటు మాత్రం లోతుగా కోసేస్తే చస్తాయి.

అంత ఎత్తుకి మనిషి ఎలా చేరతాడు? దానికో పరికరం ఉంది. నడుముకి కట్టుకుంటారు. హుక్కులున్న తీగలు దూసుకెళ్లి గోడకో చెట్టుకో గుచ్చుకుంటాయి, గ్యాస్ ఒత్తిడితో మనిషి గాల్లోకి లేస్తాడు. చేతుల్లో రెండు పల్చటి కత్తులు. చూడ్డానికి సూపర్‌గా ఉంటుంది. కానీ ఆ గ్యాస్ అయిపోతుంది. ఆ కత్తులు విరిగిపోతాయి. కథలో చావులన్నీ దాదాపు ఆ రెండు చోట్ల దగ్గరే మొదలవుతాయి.

వందేళ్లకు పైగా ఎవరికీ ఏమీ కాలేదు. గోడ ఉంది కదా అని జనం టైటన్ల మాటే మర్చిపోయారు. 845వ సంవత్సరంలో, కథలోని లెక్క ప్రకారం లెండి, గోడకంటే పొడుగున్న 60 మీటర్ల టైటన్ ఒకటి వచ్చి షిగన్షినా అనే ఊరి గేటుని కాలితో తన్ని పగలగొట్టింది. అప్పటికి ఎరెన్‌కి పదేళ్లు. తల్లిని టైటన్ తినడం కళ్లారా చూశాడు. టైటన్లు అన్నింటినీ చంపుతానని అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. ఇదంతా మీకు తెలిసిందే. రీల్స్‌లో వెయ్యిసార్లు చూసుంటారు.

రీల్స్‌లో రానిది ఇంకోటుంది. ఆ షిగన్షినా అసలు అక్కడెందుకుంది?

ముందుకు పొడుచుకొచ్చిన ఊళ్లు

గోడల మ్యాప్ ఒకసారి జాగ్రత్తగా చూడండి. గుండ్రటి గోడకి బయటివైపు అక్కడక్కడా చిన్న చిన్న బుడిపెల్లా ఊళ్లుంటాయి. షిగన్షినా అలాంటిదే. తర్వాత యుద్ధం జరిగే ట్రోస్ట్ కూడా అలాంటిదే. అవి అందం కోసం కట్టినవి కావు. టైటన్లు మనుషులు గుమిగూడిన చోటికే వస్తాయి. వందల కిలోమీటర్ల గోడ పొడవునా సైనికుల్ని పెట్టాలంటే ఎంతమంది కావాలి, ఎంత ఖర్చు? అందుకని నాలుగు చోట్ల ముందుకు పొడుచుకొచ్చేలా ఊళ్లు కట్టి, అక్కడ జనాన్ని ఉంచారు. టైటన్లు అటే పోతాయి. సైన్యాన్నీ ఫిరంగుల్నీ అక్కడే పెడితే సరిపోతుంది.

అర్థమైందిగా? ఆ ఊళ్లు గాలానికి గుచ్చిన ఎర.

అక్కడ పుట్టిన పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. గేటు బద్దలైన రోజున అది వాళ్లకి ఒంటి మీదకి వచ్చి తెలుస్తుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా కథంతా వేరేలా కనిపిస్తుంది. రాక్షసులు బయట ఉన్నారు, సరే. మరి వాళ్లకి ఎదురుగా ఎవర్ని నిలబెట్టాలో నిర్ణయించినవాళ్లు? లోపల, అన్నిటికంటే చిన్న గుండ్రంలో, హాయిగా ఉన్నారు.

ర్యాంకు కొట్టు, లోపలికి పో

పన్నెండేళ్లకి సైన్యం శిక్షణలో చేరొచ్చు. మూడేళ్ల ట్రైనింగ్. అయ్యాక మూడు దళాల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. గోడల కాపలా దళం ఒకటి. బయటికెళ్లి టైటన్లతో తలపడే సర్వే దళం ఇంకొకటి. దీంట్లో చేరితే ఎంతకాలం బతుకుతామో గ్యారెంటీ లేదు. మూడోది మిలిటరీ పోలీస్. లోపలి గోడ మధ్యలో, రాజుగారి దగ్గర ఉద్యోగం. భయం లేదు, తిండికి లోటు లేదు. దాంట్లోకి బ్యాచ్ మొత్తమ్మీద మొదటి పది ర్యాంకుల వాళ్లకే అవకాశం.

ఈ సీన్ నేను మా అక్క కొడుకుతో కలిసి చూశా. వాడు ఇంటర్ సెకండియర్. దసరా సెలవులకి హాస్టల్ నుంచి వచ్చి మా ఇంట్లో దిగాడు. ర్యాంకులు చదివే సీన్ రాగానే రిమోట్ తీసుకుని పాజ్ కొట్టాడు.

"మావయ్యా, ఇది మా కాలేజీయే."

నాకు నవ్వొచ్చింది. వాడు నవ్వలేదు.

"చూడు... టైటన్లని ఎవడు బాగా చంపగలడో వాడికి టైటన్లు కనపడని చోట సీటు. చంపడం సరిగ్గా రానోడు గోడ మీద నిలబడాలి. ఎవడు పెట్టాడు ఈ రూలు?"

కథలో ఎరెన్‌కి కూడా ఇదే మంట. నేను మాటవరసకి అన్నాను, మన దగ్గరా అంతే కదరా, ఊళ్లో అందరికంటే బాగా చదివినవాడే ఊరికి అందరికంటే దూరంగా పోతాడు, అని.

వాడు వెంటనే అందుకున్నాడు. "పోకపోతే ఏం చెయ్యాలి మావయ్యా? ఉండమని ఎవరైనా అడిగారా? ఉంటే ఏమిస్తారు?"

నేనేం మాట్లాడలేదు. వాడడిగింది న్యాయమైన మాటే. రోజుకి పద్నాలుగు గంటలు చదివే పిల్లాణ్ని పట్టుకుని, ర్యాంకొచ్చాక త్యాగం చెయ్యమని చెప్పే హక్కు సోఫాలో కూర్చున్న నాకెక్కడిది? ప్లే కొట్టమన్నా.

అలా ప్లే కొట్టాక స్క్రీన్ మీదికొచ్చినవాడే జాన్ కిర్ష్‌టైన్. ఆరో ర్యాంకు. మా వాడడిగిన ప్రశ్నే వాడూ అడుగుతుంటాడు, ఇంకా గట్టిగా, ఇంకా పొగరుగా. బయటికెళ్లి చావడం నాకెందుకు, లోపలికి పోయి సుఖంగా బతుకుతా అని మెస్ హాల్లో అందరి ముందూ చెప్పేస్తాడు. ఎరెన్‌తో రోజూ గొడవే. సాధారణంగా ఇలాంటి కథల్లో ఈ రకం పాత్ర దేనికుంటుంది? హీరో గొప్పతనం చూపించడానికి. చివరికి పారిపోయి, పిరికివాడిగా చస్తాడు. ఈ కథ రాసినాయన ఆ పని చెయ్యలేదు. జాన్ ఆలోచన తప్పని ఒక్కసారి కూడా మనతో అనిపించడు. వాణ్ని తీసుకెళ్లి ట్రోస్ట్ మధ్యలో నిలబెడతాడు, అంతే.

ట్రోస్ట్‌లో ఆ రోజు

850వ సంవత్సరం. ట్రైనింగ్ పూర్తయింది, లోపలికి వెళ్లే సమయం వచ్చేసింది. సరిగ్గా అప్పుడే ఆ 60 మీటర్ల టైటన్ మళ్లీ ప్రత్యక్షమై ట్రోస్ట్ గేటు బద్దలు కొట్టింది. జాన్‌కి భయం కంటే ముందు కోపం వస్తుంది. ఇంకొక్క రోజు ఆగుంటే నేను ఇక్కడుండేవాణ్నే కాదు కదా అని. ఎంత నిజమైన కోపమో చూడండి.

జనాన్ని లోపలి గేటు గుండా ఖాళీ చేయిస్తుంటారు. ఆ టైములో ఒక వ్యాపారి తన సామాన్ల బండి గేటులో ఇరికించేసి, అది దాటితే గానీ జనాన్ని వదలనని కూర్చుంటాడు. వెనక టైటన్ తరుముకొస్తోంది. సైనికులు అడిగితే మా ఆస్తులు కాపాడటానికి చావడమే మీ ఉద్యోగం కదా అంటాడు. మికాసా ఒక్కతే ఆ టైటన్‌ని చంపి, కత్తి పట్టుకుని వాడి ముందుకొస్తుంది. ఇతరుల కోసం చావడం సహజమే అనుకుంటే, ఇంతమంది కోసం నువ్వొక్కడివీ చావడానికి కూడా ఒప్పుకుంటావుగా అన్నట్టు అడుగుతుంది. బండి కదులుతుంది.

యాక్షన్ కోసం ఈ సీన్ అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఆ వ్యాపారి మాట గుర్తుండిపోయింది. 'అది మీ ఉద్యోగం కదా.' ఎదుటివాడి ప్రాణం మన ఖాతాలో ఖర్చు రాసుకోవడానికి ఇంతకంటే సులువైన మాట ఇంకోటి లేదు.

వెనక్కి తగ్గమని గంట కొడతారు. కానీ కుర్రాళ్ల దగ్గర గోడ ఎక్కడానికి సరిపడా గ్యాస్ లేదు. గ్యాస్ ఉన్నది హెడ్‌క్వార్టర్స్‌లో. దాన్ని టైటన్లు చుట్టుముట్టేశాయి. సరఫరా చూడాల్సిన సైనికులు భయంతో లోపల తలుపులేసుకుని కూర్చున్నారు. ఇళ్ల కప్పుల మీద ఈ పిల్లలు చావు కోసం ఎదురుచూస్తున్నారు. మికాసా ముందు దూకుతుంది. మిగతావాళ్లు వెనకే. దారిలో ఆమె గ్యాస్ అయిపోయి కింద పడిపోతుంది. ఇప్పుడు అందరూ చూసేది జాన్ వైపు.

అక్కడ జరిగేది చూడ్డం కష్టం. వాళ్లలో ఒకడి గ్యాస్ అయిపోయి కింద చిక్కుకుంటాడు. కాపాడదామని ఇద్దరు ముగ్గురు దిగుతారు. వాళ్లనీ టైటన్లు పట్టేసుకుంటాయి. జాన్ చూస్తూ ఉండిపోతాడు. ఆపలేకపోయాడు. అప్పుడు వాడికొకటి అర్థమవుతుంది. టైటన్లన్నీ ఆ తినడంలో మునిగి ఉన్నాయి. దారి ఖాళీ. ఇదే అదను, పదండి అని అరిచి అందర్నీ తీసుకుని దూకుతాడు. అద్దాలు పగలగొట్టుకుని హెడ్‌క్వార్టర్స్‌లో పడతారు. చాలామంది బతుకుతారు.

బతికాక వాడేమీ కాలరెగరెయ్యడు. నా మాట విని ఎంతమంది చచ్చారో అని లెక్కేసుకుంటాడు. మిత్రుడు మార్కో మాత్రం నీ వల్లే నేనిక్కడున్నా అంటాడు. మార్కో వాడితో అన్న ఇంకో మాట కూడా ఉంది. నువ్వు బలవంతుడివి కాదు, అందుకే బలహీనుల బాధ నీకు తెలుసు, ఆ క్షణంలో ఏం చెయ్యాలో సరిగ్గా చూడగలవు అని. పొగడ్తలా లేదు కదా? నేను చూసిన యానిమేలన్నిట్లో ఒక ఫ్రెండ్ ఇంకో ఫ్రెండ్‌కిచ్చిన అతి గొప్ప సర్టిఫికెట్ అదే.

వెళ్లిపోవచ్చు అన్న సేనాని

ఇంతలో ఎరెన్ టైటన్‌గా మారగలడని బయటపడుతుంది. వాడు ఒక పెద్ద బండరాయి ఎత్తుకుని పోయి గేటుకి పడ్డ కంతని మూసేస్తే ఊరు దక్కుతుంది. అదీ ఆర్మిన్ వేసిన ప్లాను. కానీ ఆ రాయి మూసేదాకా టైటన్లని పక్కకి లాగి ఉంచాలంటే మిగతా సైన్యం మళ్లీ ఊళ్లోకి దిగాలి. అప్పుడే పొద్దున ఆ నరకం చూసి వచ్చినవాళ్లు. కొంతమంది ఇంటికి పోతామంటూ బయల్దేరతారు. పారిపోతే మరణశిక్ష అంటూ ఆఫీసర్లు కత్తులు దూస్తారు.

అప్పుడు గోడ మీద నిలబడి ముసలి సేనాని డాట్ పిక్సిస్ ఏం చేశాడో తెలుసా? వెళ్లేవాళ్లు వెళ్లండి, శిక్ష లేదు అన్నాడు. ఒక్కసారి టైటన్ భయం తిన్నవాడు మళ్లీ దానికి ఎదురు నిలబడలేడు, నాకు తెలుసు అన్నాడు. ఆ వెంటనే ఇంకో మాట కలిపాడు. అదే భయాన్ని మీ అమ్మానాన్నలకీ, తమ్ముళ్లకీ, ప్రేమించినవాళ్లకీ రుచి చూపించాలనుకునేవాళ్లు కూడా వెళ్లండి అని.

పోతున్నవాళ్లు ఆగిపోయారు. ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు.

ఇది తెలివైన ఎమోషనల్ బ్లాక్‌మెయిల్ అని మీరనొచ్చు. నేనూ కాదనను. కానీ తర్వాత ఆయన చెప్పేది వినండి. నాలుగేళ్ల క్రితం, 846లో, మారియా గోడని తిరిగి గెలవాలంటూ ప్రభుత్వం రెండున్నర లక్షల మందిని బయటికి పంపింది. జనాభాలో 20 శాతం. ఎక్కువమంది కాందిశీకులు, ఆయుధం పట్టడం కూడా రానివాళ్లు. తిరిగొచ్చినవాళ్లు నూటికి కాస్త ఎక్కువ, అంతే. ఆర్మిన్ తాతయ్య కూడా ఆ పోయినవాళ్లలోనే ఉన్నాడు. పైకి చెప్పిన పేరు యుద్ధం. అసలు సంగతి, తిండి చాలడం లేదు కాబట్టి నోళ్లు తగ్గించడం. పిక్సిస్ దాన్ని దాచలేదు. వాళ్లని చంపుకునే మనం బతికాం, ఆ పాపం మనందరిదీ అని సైన్యం మొత్తానికి వినపడేలా చెప్పాడు. ఈ గోడ కూడా పోతే ఈసారి 20 శాతంతో ఆగదన్నాడు.

రెండు సందర్భాల్లోనూ జనం చావడానికే వెళ్లారు. అయినా రెండూ ఒకటి కాదు. 846లో వాళ్లని పంపారు. ట్రోస్ట్‌లో వీళ్లు వెళ్లారు. పంపినవాడు అబద్ధం చెప్పాడు, తలుపేశాడు. పిక్సిస్ నిజం చెప్పాడు, తలుపు తెరిచిపెట్టాడు. పంపడానికీ వెళ్లడానికీ మధ్య ఉన్న ఈ తేడాయే నాకు ఈ కథ మొత్తానికీ గుండెకాయలా కనిపిస్తుంది.

చేతిలో ఎముక ముక్క

ఎరెన్ రాయి తెచ్చి కంత మూశాడు. మనుషులు టైటన్ల మీద గెలవడం అదే మొదటిసారి. మామూలు సినిమా అయితే అక్కడ బ్యాండు మేళం మోగాలి. ఇక్కడ ఒక లెక్క వినిపిస్తుంది. చనిపోయినవాళ్లు, కనిపించనివాళ్లు కలిపి 207 మంది. గాయపడ్డవాళ్లు 897 మంది.

మూతికి గుడ్డలు కట్టుకుని శవాలు ఏరే డ్యూటీలో ఉంటాడు జాన్. ఒక గోడకి ఆనుకుని మార్కో కనిపిస్తాడు. సగం శరీరమే ఉంది. ఎప్పుడు పోయాడో, ఎలా పోయాడో చూసినవాడే లేడు. పక్కనున్న వైద్య సిబ్బంది మనిషి ఇతని పేరు తెలుసా అని అడుగుతుంది. ఏడవటానికి టైము లేదు, శవాలు కుళ్లితే రోగాలొస్తాయి, పేరు చెప్పు అంటుంది. ఇందాకటి దాకా నీ వల్లే బతికానన్న ఫ్రెండు ఒక జాబితాలో పేరైపోయాడు.

ఆ రాత్రి చితి దగ్గర, మంటల్లోంచి మిగిలిన ఎముక ముక్కొకటి జాన్ చేతిలో ఉంటుంది. అది ఎవరిదో కూడా తెలియదు. దాన్ని పిడికిట్లో బిగించి, పక్కనున్నవాళ్లతో సర్వే దళంలో చేరుతున్నానంటాడు. చెబుతున్నప్పుడు వాడి మొహం చూడండి. వీరుడి మొహం కాదది. కళ్లనిండా నీళ్లు, గొంతులో వణుకు.

ఆరో ర్యాంకు. లోపలి సీటు చేతిలో ఉంది. దాన్ని వదిలేశాడు.

తర్వాత సర్వే దళం నాయకుడు ఎర్విన్ వచ్చి కొత్తవాళ్లని పిలుస్తాడు. ఈయన కూడా ఏదీ దాచడు. చేరితే బతికే అవకాశం తక్కువని ముందే చెప్పేస్తాడు. మైదానమంతా ఖాళీ అయిపోతుంది. కొద్దిమందే మిగులుతారు. చావమంటే చస్తారా అని అడుగుతాడు. మిగిలినవాళ్లలోంచి వచ్చే జవాబు ఏంటో తెలుసా? చావాలని లేదు. అదీ జవాబు! ఆ వణికే మొహాలు చూసి ఎర్విన్ తృప్తిపడతాడు. జాన్ లోపల తిట్టుకుంటూనే నిలబడి ఉంటాడు. సాషా, కోనీ కూడా ఏడుస్తూ నిలబడతారు.

కాస్త తర్వాత జాన్ తోటివాళ్లకి చెప్పే మాట నాకు చాలా ఇష్టం. ఎవరో నచ్చజెబితే నేను ప్రాణం పణంగా పెట్టడం లేదు, ఇది సొంతంగా తేల్చుకోకపోతే చెయ్యగలిగే పని కాదు అన్నట్టు చెబుతాడు. అక్కడితో ఆగడు. ఎరెన్ దగ్గరికి పోయి మొహమ్మీదే అడుగుతాడు. మేమంతా నీ కోసం ప్రాణాలు పెడుతున్నాం, నువ్వు దానికి తగినవాడివేనా, మాకు తెలియాలి కదా అని. వెళ్తాడు, కానీ లెక్క అడిగి వెళ్తాడు. భక్తుడిలా వెళ్లడు.

మన సినిమాల్లో ఇది అరుదు. మన హీరో వెనక నడిచేవాళ్లు ప్రశ్నలడగరు. అడిగితే వాడు విలన్ మనిషి.

మాట వినిపించుకోని తాగుబోతు

ఈ కథ రాసి, బొమ్మలు వేసిన హజిమె ఇసయామా 1986లో జపాన్‌లోని ఓయిటా ప్రాంతంలో, ఓయామా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చుట్టూ కొండలు. ఆ కొండలే తనకి గోడల్లా కనిపించేవని, వాటి అవతలికి పోవాలనిపించేదని ఇంటర్వ్యూల్లో చెప్పాడు. టైటన్ల ఆలోచన ఇంకా తమాషాగా వచ్చింది. ఇంటర్నెట్ కేఫ్‌లో పనిచేసే రోజుల్లో ఒక తాగుబోతు వచ్చి ఆయన కాలర్ పట్టుకున్నాడట. ఎదురుగా ఉన్నది మనిషే, కానీ ఒక్క మాట కూడా వినిపించుకోవడం లేదు. అంతకంటే భయంకరమైన జంతువు ఇంకేముంటుంది అనిపించిందట.

మంగా మొదలైంది 2009 సెప్టెంబర్‌లో, 'బెస్సాట్సు షోనెన్ మ్యాగజీన్' అనే మాసపత్రికలో. అప్పటికి ఆయనకి 23 ఏళ్లు. 2021 ఏప్రిల్‌లో 139వ అధ్యాయంతో ముగిసింది. మొత్తం 34 పుస్తకాలు, 10 కోట్లకు పైగా కాపీలు. యానిమే 2013లో మొదలై 2023 నవంబర్‌లో పూర్తయింది.

కొండలు దాటి పోవాలనుకున్న ఆ కుర్రాడి ఊళ్లో ఇప్పుడేముందో తెలుసా? ఓయామా డ్యామ్ ముందు మూడు కంచు విగ్రహాలున్నాయి. ఎరెన్, మికాసా, ఆర్మిన్ పదేళ్ల పిల్లలుగా నిలబడి తలలెత్తి డ్యామ్ గోడ వైపు చూస్తుంటారు. 2020లో పెట్టారు. అవి చూడ్డానికి ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో అభిమానులు ఆ కొండల్లోకి వస్తున్నారు. ఎర ఊళ్ల కథ ఒక మారుమూల ఊరికి జనాన్ని రప్పించింది.

మరి జాన్ ఎందుకు?

తర్వాతి సీజన్ల సంగతి నేను చెప్పను. టైటన్లు అసలెవరో, ఎక్కణ్నుంచి వచ్చాయో తెలిసేకొద్దీ 'రాక్షసులు' అన్న మాటే మీ నోటికి తేలిగ్గా రాదు. ముగింపు మీద అభిమానులు ఇప్పటికీ రెండు పార్టీలుగా కొట్టుకుంటున్నారు. మీరు ఏ పార్టీలో ఉన్నా సరే, ఒక పని చెయ్యండి. ఎన్నడూ సందేహపడని ఎరెన్ చివరికి ఎక్కడికి చేరాడో, అడుగడుక్కీ సందేహపడ్డ జాన్ ఎక్కడికి చేరాడో పక్కపక్కన పెట్టి చూడండి. పదిహేనేళ్లప్పుడు మనకి ఎరెనే నచ్చుతాడు. ఆ అరుపు, ఆ కసి, వాల్‌పేపర్ పెట్టుకోవడానికి అదే బాగుంటుంది. కానీ నాకు ఏదైనా తేల్చుకోవాల్సిన రోజున పక్కన ఎవరుండాలంటే జాన్ పేరే చెబుతా.

మీలో చాలామంది ఇప్పుడు ఏదో ఒక ర్యాంకు కోసం ఎదురుచూస్తున్నారు. లోపలి గోడ సీటు కోరుకోవడంలో తప్పేం లేదు. జాన్ కోరుకున్నాడు, కథ వాణ్ని ఒక్క మాట అనలేదు. సీటొచ్చాక వెళ్లిపోయినా మిమ్మల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ముఖ్యంగా లోపల కూర్చున్నవాళ్లకి అసలే లేదు. రేపు ఎవరైనా మిమ్మల్ని దేశం పేరుతోనో, కంపెనీ పేరుతోనో, కుటుంబం పేరుతోనో గోడ బయటికి పంపాలని చూస్తే మాత్రం ఒక్క క్షణం ఆగండి. నిజం మొత్తం చెబుతున్నారా? వద్దంటే వెనక్కి పోవడానికి తలుపు తెరిచే ఉందా? ఈ రెండూ చూసుకోండి. అవి లేనిచోట ఎంత గొప్ప మాటలు చెప్పినా, అది 846 నాటి ప్రయాణమే.

రెండూ ఉన్నచోట, అంతా విని, భయపడి, ఏడ్చి, అయినా మీ అంతట మీరే నిలబడాలనిపిస్తే... అప్పుడది మీ నిర్ణయం. కాళ్లు వణికినా ఫర్లేదు. జాన్‌వి కూడా వణికాయి.

వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. ఈలోపు ఆ చితి దగ్గరి సీన్ ఇంకోసారి చూడండి. ఈసారి మంటల్ని కాదు, ఆ పిడికిలిని చూడండి.